విడివడని మాయ

శిశువు జన్మించిన పిమ్మట మాయ తనంతట విడివడుట ప్రకృతి ధర్మము. కొందరిలో అది గర్భాశయపు కండరములోనికి చొచ్చుకొని విడివడదు. దీనిని 1937లో బోస్టను వైద్యులు ఇర్వింగ్, హెర్టిగ్ సవిస్తరముగ వర్ణించిరి. పూర్వపు సిజేరియను మచ్చపై మాయ నాటుకొన్నచో ఈ ప్రమాదము హెచ్చు.

నిండు గర్భమునకు నిమిషమునకు అర లీటరుకు పైగా రక్తము ప్రవహించును. కావున మాయను బలిమితో లాగరాదు. స్కానింగులో ముందే తెలిసినచో, సాధారణముగ 34, 36 వారముల నడుమ శస్త్రచికిత్స నిర్ణయింతురు. ప్రసూతి వైద్యులు, మత్తు వైద్యులు, మూత్రకోశ నిపుణులు, శిశువైద్యులు, నర్సులు, రక్తనిధివారు ముందుగనే కూడి ఎవరి పని యేదో నిశ్చయించుకొందురు. పలుమార్లు బిడ్డను తీసి, మాయను కదల్పక గర్భాశయముతోనే తొలగింతురు. మరల సంతానము కలుగదు; తల్లి బ్రదుకును.

శ్రోతలకు మా మనవి: మునుపటి ఆపరేషను సంగతి తొలి పరీక్షనాడే వైద్యులకు తెలుపుడు; రక్తదానమునకు వెనుదీయకుడు.