జింకల కోసం పంట! అమెరికా ఫుడ్ ప్లాట్ల అసలు సంగతి

మన దగ్గర చేలోకి జింకలు రాకూడదని కాపలా కాస్తాం కదా. నారాయణపేట వైపు కృష్ణా తీరం రైతుల్ని అడగండి, కృష్ణజింకల మంద చేలో దిగితే ఏం మిగులుతుందో చెప్తారు. నేనుండే మిషిగన్‌లో మాత్రం రివర్స్. జింకలు రావాలనే పంట వేస్తారు. పక్కనే చెట్టుకి మంచె కట్టుకుని కూర్చుంటారు. ఆ పంట ముక్కనే ఫుడ్ ప్లాట్ అంటారు. అది ఎలా వేస్తారు, ఎక్కడ వేస్తారు, అసలు ఇది వేటా లేక మోసమా... ఈరోజు ఈ మూడూ మాట్లాడుకుందాం.

ముందే ఒక మాట. ఇండియాలో ఉన్నవాళ్లు ఇది చూసి ట్రై చేయొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకను వేటాడటం నేరం. జైలుకి పోతారు. నేను చెప్పేది లైసెన్స్, సీజన్, లెక్క అన్నీ ఉన్న అమెరికా వేట గురించి. ఇక్కడ కూడా సొంత భూమి ఉండాలి, లేదా ఓనర్ పర్మిషన్ ఉండాలి. ప్రభుత్వ అడవిలో మన ఇష్టానికి దున్నేసి విత్తడానికి లేదు.

సరే, విషయంలోకి వద్దాం. షాపుకి వెళ్తే పెద్ద కొమ్ముల జింక బొమ్మ వేసిన విత్తనాల ప్యాకెట్లు వరసగా కనిపిస్తాయి. అందరూ ముందు అవే కొంటారు. కానీ మొదట డబ్బు పెట్టాల్సింది మట్టి పరీక్ష మీద. యూనివర్సిటీల ఎక్స్‌టెన్షన్ ఆఫీసుల ద్వారా తక్కువ ఖర్చులోనే అయిపోతుంది. అడవి అంచు నేలలు చాలాచోట్ల పులుపు నేలలు. పీహెచ్ 6కీ 7కీ మధ్య లేకపోతే ఎంత ఎరువు చల్లినా మొక్క సరిగ్గా తీసుకోలేదు. అప్పుడు సున్నం వేయాలి. సున్నం పని చేయడానికి నెలలు పడుతుంది. అందుకే అక్టోబర్‌లో వేటకి కూర్చునేవాళ్లు సున్నం పని వసంతంలోనే మొదలుపెడతారు.

విత్తనాలు ముఖ్యంగా మూడు రకాలు. ఒకటి, తెల్ల క్లోవర్. ఇది మన పిల్లిపెసర లాగా పప్పుజాతి, గాలిలో నత్రజనిని నేలకి ఇస్తుంది. బాగా చూసుకుంటే ఒకసారి వేసింది మూడు నాలుగేళ్లు ఉంటుంది. రెండోది, టర్నిప్, ముల్లంగి లాంటివి. జూలై ఆఖరు నుంచి ఆగస్టు మధ్యలోపు వేస్తారు. మంచు పడ్డాక ఆకులో తీపి పెరుగుతుంది, జింకలు అప్పుడు బాగా ఎగబడతాయి. మూడోది, ఓట్స్, రై. ఇవి ఆగస్టు చివర్లో, సెప్టెంబర్‌లో వేస్తారు. కొత్తవాళ్లకి ఇవే సులువు. క్లోవర్ విత్తనం ఆవగింజ కంటే చిన్నది. పావు అంగుళం కంటే లోతుకి పోతే మొలవదు. పైన చల్లి, నేలని గట్టిగా అదిమితే చాలు.

ఒక చిన్న టిప్. చేను మధ్యలో కంచె తీగని గుండ్రంగా చుట్టి ఒక బోను లాగా నిలబెట్టండి. లోపల మొక్క మోకాలెత్తు, బయట మొక్క బెత్తెడు ఉందంటే, పంట పెరగక కాదు, జింకలు తినేస్తున్నాయని అర్థం.

ఇప్పుడు అసలు పాయింట్. పంట బ్రహ్మాండంగా వచ్చి, జింకలు రోజూ మేస్తున్నా, వేటగాడికి ఒక్కటీ కనపడదు. ఎందుకు? అవి రాత్రి వస్తున్నాయి. ఎందుకంటే మనిషి వచ్చిపోయే దారి వాటికి తెలిసిపోయింది. జింక ముక్కు ముందు మన తెలివి పని చేయదు. అందుకే విత్తనం కంటే ముందు ఆలోచించాల్సింది మన నడక. గాలి ఎటు నుంచి వీస్తుంది? సాయంత్రం చల్లబడ్డ గాలి వాలు వెంట కిందకి జారుతుంది, మన వాసనని ఎటు మోస్తుంది? చీకటి పడ్డాక మేస్తున్న జింకల్ని బెదరగొట్టకుండా మంచె దిగి ఎలా వెళ్లిపోతాం? ఈ మూడింటికీ జవాబు లేని చోట ఎకరం వేసినా వేస్టే. జవాబు ఉన్న చోట పావు ఎకరం చాలు. అంటే పది గుంటలు, ఆంధ్రా లెక్కలో పాతిక సెంట్లు. ఇంకోటి, ఓక్ చెట్ల కాయలు రాలే రోజుల్లో జింకలు మీ చేను వైపు చూడకపోవచ్చు. కంగారు పడకండి.

ఇక మోసం సంగతి. మేత పెట్టి చంపడం ఏం వేట అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఇది. విల్లుతో వేటాడేవాళ్లలో చాలామంది 20, 25 గజాల్లోపు ఉంటేనే బాణం వేస్తారు. పరిగెత్తే జింక మీద వేస్తే గాయంతో పారిపోయి ఎక్కడో నరకయాతన పడి చస్తుంది. తలవంచి మేస్తున్న జింక నిలకడగా ఉంటుంది, దూరం మనకి ముందే తెలుసు, పక్కకి తిరిగేదాకా ఆగొచ్చు. తిరగకపోతే వదిలేయొచ్చు. ఆ వదిలేయడం చేతకానివాడికి ఫుడ్ ప్లాట్ నిజంగా మోసమే.

మరి మొక్కజొన్న కుప్ప పోస్తే సరిపోదా? అది వేరే కథ. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అని జింకల మెదడుని తినేసే జబ్బు ఉంది. 1967లో కొలరాడోలో మొదట కనిపించింది. మందు లేదు. లాలాజలం, మూత్రం ద్వారా పాకుతుంది, మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుంది. ఒకే కుప్ప మీద పది మూతులు ఆనితే ఏమవుతుందో ఆలోచించండి. మిషిగన్ లోయర్ పెనిన్సులాలో 2019లో ఇలా ఎర పోయడాన్ని నిషేధించింది అందుకే. నేలలో పెరిగే పంటని అందులో కలపలేదు. అయినా జింకలు గుమిగూడితే రిస్క్ సున్నా కాదు. అందుకే చేను పొడవుగా, చెదిరినట్టు వేస్తే మంచిది. ఆ జబ్బు ఉన్న ప్రాంతంలో కొట్టిన జింకకి టెస్ట్ చేయించండి. పాజిటివ్ వస్తే ఆ మాంసం తినొద్దని ఇక్కడి ఆరోగ్య శాఖలు చెప్తున్నాయి. మనుషులకి సోకినట్టు ఇప్పటిదాకా తేలలేదు, కానీ ఇంట్లో పిల్లలు తినే కూర అది. రిపోర్ట్ వచ్చేదాకా ఫ్రీజర్‌లో ఆగనివ్వండి.

రూల్స్ రాష్ట్రానికో రకం, ఒక్కోచోట కౌంటీకో రకం. విత్తనం కొనే ముందు మీ రాష్ట్రం వేట నియమాల పుస్తకం ఈ ఏడాదిది చదవండి, ఫోన్‌లోనే దొరుకుతుంది. తర్వాత మట్టి తీసి పరీక్షకి పంపండి. ప్యాకెట్ చివర్లో కొనొచ్చు. ఉంటాను ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.