పచ్చ పెంకుల కప్పు కింద: పెకింగ్ యూనియన్ వైద్య కళాశాల



చైనాలో వైద్యవిద్య అనగానే, ఎంబీబీఎస్ కోసం అక్కడికి వెళ్లివచ్చిన అన్నో అక్కో మీకు గుర్తుకు రావచ్చు. తెలుగునాట అలాంటి కుటుంబాలు తక్కువేమీ కాదు. అయితే ఈ పాఠంలో నేను చెప్పబోయే కళాశాల వేరు. అక్కడ సీటు దొరకడం చైనా విద్యార్థులకే గగనం. దాని పేరు పెకింగ్ యూనియన్ వైద్య కళాశాల. చైనా వాళ్లు 'షియెహ' అంటారు. కలిసి సామరస్యంగా ఉండటం అని ఆ మాటకు అర్థం.

1906లో కొన్ని క్రైస్తవ మిషనరీ సంఘాలు కలిసి పెకింగులో ఒక వైద్య కళాశాల పెట్టాయి. 1915లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ దానిని కొనేసింది. రాక్‌ఫెల్లర్ సంపద ఎక్కడిదో మీకు తెలుసు, కిరసనాయిలుది. ఫౌండేషన్ ఒక పాత రాకుమారుని భవనం స్థలం తీసుకుని, పైన చైనా రాజభవనాల తీరులో పచ్చని మెరుగు పెంకులు, లోపల నాటి అత్యాధునిక ప్రయోగశాలలు ఉండేలా కట్టించింది. చైనీస్‌లో ఆ రాకుమారుడి బిరుదూ, నూనె అనే మాటా దగ్గరగా పలుకుతాయి. దాంతో ఊరి జనం 'నూనె రాజుగారి కోట' అని నవ్వుకున్నారట. 1921 సెప్టెంబరులో ప్రారంభోత్సవం జరిగింది. 1951 వరకు ఫౌండేషన్ దీనిపై పెట్టిన ఖర్చు సుమారు 4.5 కోట్ల డాలర్లు.

నమూనా అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్. బోధన ఇంగ్లీషులో. ప్రీ మెడికల్ కలుపుకుని ఎనిమిదేళ్ల చదువు. 1924లో పట్టా పుచ్చుకున్న మొదటి జట్టులో ఎంతమంది ఉన్నారనుకుంటున్నారు? ముగ్గురంటే ముగ్గురు!

కీర్తి త్వరగానే వచ్చింది. ఆచార్యులు, గ్రంథాలయం, రోగుల కేసు షీట్లు, ఈ మూడూ షియెహ సంపద అని ఇప్పటికీ చెప్పుకుంటారు. మూడోది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, దశాబ్దాల తరబడి ఒక్కొక్క రోగి చరిత్రనూ పోగొట్టకుండా భద్రపరచడం ఎంత కష్టమో ఏ ఆసుపత్రి గుమాస్తాను అడిగినా చెబుతాడు. ఆస్తమాకు వాడిన ఎఫిడ్రిన్ మందు ప్రపంచం దృష్టికి వచ్చింది కూడా ఇక్కడినుంచే. 1920లలో ఇక్కడి ఔషధశాస్త్ర విభాగంలో చెన్, ష్మిట్ అనే ఇద్దరు 'మా హువాంగ్' అనే చైనా మూలిక మీద చేసిన పరిశోధన ఫలితమది.

అపకీర్తీ వచ్చింది. 1926 మార్చిలో ప్రసిద్ధ సంస్కర్త, రచయిత లియాంగ్ చిచావోకు ఇక్కడ ఒక మూత్రపిండం తీసేశారు. మూత్రంలో రక్తం పోవడం మాత్రం ఆగలేదు. తీసేసిన మూత్రపిండంలో పెద్ద జబ్బేమీ లేదని బయటపడింది. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. అసలు పొరపాటు ఎంతవరకు జరిగిందన్న దానిపై నేటికీ చరిత్రకారుల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. అప్పుడు ఆ రోగి ఏం చేశాడో చూడండి. ఈ ఒక్క సంఘటనతో ఆధునిక వైద్యం మీద నమ్మకం వదులుకోవద్దని ఆసుపత్రిని సమర్థిస్తూ తానే వ్యాసం రాశాడు. 1929 జనవరిలో అదే ఆసుపత్రిలో కన్నుమూశాడు.

ఆ ఏడాదే లిన్ చియావోఝి అనే యువతి పట్టా పుచ్చుకుంది. ప్రవేశపరీక్ష రోజున స్పృహ తప్పిన తోటి అమ్మాయికి ఉపచారం చేస్తూ సమయం పోగొట్టుకుందని, అయినా ఆమెకు సీటు ఇచ్చారని చెబుతారు. ప్రసూతి వైద్యురాలిగా ఆమె చేతుల మీదుగా 50,000 మందికి పైగా శిశువులు పుట్టారు. పెళ్లి చేసుకోలేదు. 1942లో జపాన్ సైన్యం కళాశాలను మూయించినప్పుడు ఊళ్లోని ఒక సందులో చిన్న క్లినిక్ తెరిచింది.

కళాశాల 1947లో మళ్లీ తెరుచుకుంది, 1951లో ప్రభుత్వపరమైంది. సాంస్కృతిక విప్లవం రోజుల్లో ఆసుపత్రి బోర్డు మీద 'సామ్రాజ్యవాద వ్యతిరేక ఆసుపత్రి' అని రాశారు. చదువులు ఆగిపోయి 1979లో మళ్లీ మొదలయ్యాయి. నేడు ఫుదాన్ విశ్వవిద్యాలయం ఏటా ప్రకటించే చైనా ఆసుపత్రుల జాబితాలో దీనిది చాలా ఏళ్లుగా మొదటి స్థానం. అయినా 2025లో ఇక్కడి ప్రవేశాల తీరుపై దేశమంతటా గట్టి విమర్శలే వచ్చాయి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. 1924 నుంచి 1943 వరకు ఈ కళాశాల తయారు చేసిన వైద్యులు 313 మంది. అప్పటి చైనా జనాభా 40 కోట్లకు మించినది. లెక్క మీరే వేసుకోండి. ఆ డబ్బుతో మామూలు వైద్యులను వేలల్లో తయారు చేయవచ్చు కదా అని ఆనాడే అడిగారు. నా మటుకు నాకు ఆ విమర్శ న్యాయమైనదే అనిపిస్తుంది. దానికి జవాబు వెతికినవాళ్లూ ఈ గోడల మధ్యనుంచే బయలుదేరారు.

జాన్ గ్రాంట్ ఇక్కడ ప్రజారోగ్య శాస్త్రం బోధించేవాడు. కెనడా మిషనరీ దంపతుల కొడుకు, పుట్టింది చైనాలోనే. 1925లో పెకింగ్ నగరంలో ఒక ఆరోగ్య కేంద్రం పెట్టించి, విద్యార్థులు వార్డులు వదిలి వీధుల్లోకి వెళ్లక తప్పని ఏర్పాటు చేశాడు. అతని శిష్యుడు, లిన్ సహాధ్యాయి అయిన చెన్ ఝిచియన్ 1932లో డింగ్‌షియన్ అనే జిల్లాకు వెళ్లాడు. సుమారు 4 లక్షల జనాభా, 470కి పైగా పల్లెలు. అన్ని ఊళ్లకు డాక్టర్లు రారని గ్రహించి, ఊరి రైతునే ఒకరిని ఎంచుకుని కొద్ది రోజులు తర్ఫీదు ఇచ్చాడు. ఆ రైతు మశూచి టీకాలు వేసేవాడు, జనన మరణాలు రాసేవాడు, మందుల పెట్టె దగ్గర ఉంచుకునేవాడు. తన శక్తికి మించిన జబ్బయితే పై కేంద్రానికి పంపేవాడు.

1939లో గ్రాంట్ మన దేశానికి వచ్చాడు. కలకత్తాలోని అఖిల భారత పరిశుభ్రత, ప్రజారోగ్య సంస్థకు 1945 వరకు డైరెక్టరుగా ఉన్నాడు. ఆ సంస్థ దగ్గరలోని సింగూరులో గ్రామీణ ఆరోగ్య కేంద్రం నడిపింది. 1946 నాటి భోర్ కమిటీ నివేదికపై గ్రాంట్ ఆలోచనల ప్రభావం బలంగా ఉంది. 1952 నుంచి సామూహిక అభివృద్ధి పథకంతో మన పల్లెల్లో వెలసిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు ఆధారం ఆ నివేదికే. ఈసారి మీ మండలంలోని కేంద్రానికి వెళ్లినప్పుడు ఏఎన్ఎం చేతిలోని టీకాల పట్టికనూ, జననాల రిజిస్టరునూ చూడండి. డింగ్‌షియన్ రైతు చేతిలో ఉన్నవీ దాదాపు అవే.