ఒక మాట, పెక్కు అర్థములు



మన చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములలో పట్టా, పహాణీ అను మాటలు ఎరుగనివారు లేరు. భూముల క్రయవిక్రయములు పెరిగిన కొలది ఆంగ్లపదములును పత్రములలో చేరినవి. ఇవి చిరపరిచితములే, కాని చోటునుబట్టి అర్థము మారును.

బ్యాంకు ధనము దాచు చోటు. మూసీ ఒడ్డునకును అదే పేరు. వాల్యూమనగా సంపుటము, 1920లో మూసీపై పూర్తియైన ఉస్మాన్ సాగర్ నీటి పరిమాణమునకును అదే మాట. వీనిలో పొరబడినను నష్టము లేదు.

పత్రములలో అట్లు కాదు. టైటిల్ గ్రంథమునకు పేరు, భూమికి యాజమాన్యపు హక్కు. ఇంట్రెస్టు ఆసక్తియు, వడ్డీయు, ఆస్తిలో హక్కును అగును. విల్లనగా సంకల్పము, మరణశాసనము కూడ. కన్సిడరేషన్ అనగా ఆలోచన యని బడిలో నేర్చితిమి. విక్రయపత్రములో అది ప్రతిఫలము, అనగా భూమికి ఇచ్చు వెల. అది ఎరుగనివాడు సొమ్ము ముట్టకయే ముట్టినదని వ్రాలు చేయవచ్చును.

తెలుగునందును మడి యన్నచో పొలమున ఒకటి, పూజలో వేరొకటి. సందర్భము తెలియును గనుక మనము పొరబడము. ఆంగ్లమునకును సందర్భమే దారి.

కావున నిఘంటువులో మొదటి అర్థముతో ఆగక, వాక్యమునకు పొసగు అర్థము వెదకుడు. సందేహమున్నచో న్యాయవాది నడుగుడు. వ్రాలు ఆ పిమ్మటనే. ఈ రజతోత్సవవేళ నా విన్నప మింతియే.