చల్లదనం తప్పిన కారు

మండువేసవిలో మట్టి కుండలోని నీరు చల్లగా ఉండటం మనమందరమూ ఎరిగిన విషయమే. కుండ గోడల సూక్ష్మరంధ్రాల గుండా పైకి చెమర్చిన నీరు ఆవిరి అవుతూ, అందుకు అవసరమైన వేడిని లోపలి నీటి నుంచే గ్రహిస్తుంది. మోటారు కారులోని ఏ.సి. యంత్రానికి ఆధారమైన సూత్రం కూడా ఇదే. భేదమల్లా ఒక్కటి. కుండ నుంచి పోయిన ఆవిరి తిరిగి రాదు. కుండను మరల నింపుకోవలె. కారులో మాత్రం ఆవిరి అయిన పదార్థాన్ని బంధించి, తిరిగి ద్రవంగా మార్చి, దానినే మళ్ళీ మళ్ళీ వాడుకుంటారు. ఈ భేదాన్ని మరచిపోవటం వల్లనే పలువురు కారు యజమానులు ఏటేటా వేసవి రాగానే వృథావ్యయానికి లోనవుతున్నారు.

యంత్ర నిర్మాణాన్ని స్థూలంగా మనవి చేస్తాను. ఇంజను బెల్టు సాయంతో తిరిగే కంప్రెసరు, మెకానిక్కులు గ్యాసు అని పిలిచే శీతలవాయువును గట్టిగా అదుముతుంది. అట్లా వేడెక్కిన వాయువు రేడియేటరు ముందున్న కండెన్సరులో ప్రవేశించి, తన వేడిని బయటి గాలికి ఇచ్చివేసి ద్రవమవుతుంది. ఆ ద్రవం సన్నని ద్వారం గుండా డాష్‌బోర్డు వెనుకనున్న ఎవాపరేటరులోకి పోయి, పీడనం తగ్గిన కారణాన ఆవిరై, కారులోని గాలి వేడిని లాగుకొంటుంది. ఎన్నో కార్లలో వాడిన ఆర్-134ఏ అనే వాయువు మామూలు వాతావరణ పీడనంలో సున్నకు 26 డిగ్రీల దిగువననే మరుగుతుంది. కారు క్రింద నీటి చుక్కలు పడితే కంగారు పడనక్కరలేదు. గాలిలోని తేమ ఎవాపరేటరు మీద చేరి కారిన నీరే అది.

చల్లదనం తప్పినప్పుడు మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇది: తగ్గినది గాలియా, చల్లదనమా? గాలి బలహీనంగా వస్తూ, వచ్చిన కొద్దిపాటి గాలి చల్లగానే ఉంటే, దోషం సాధారణంగా గాలిని వడకట్టే ఫిల్టరులో ఉంటుంది. అనేక కార్లలో ఇది గ్లవ్ బాక్సు వెనుక ఉంటుంది. మన ఊళ్ళ దుమ్ముకు అది అట్టకట్టిపోతుంది. దానిని తీసి చూడటానికి మెకానిక్కు అక్కరలేదు.

గాలి ధారాళంగా వస్తూ చల్లదనం లేనప్పుడు, కారు కదులుతుండగా ఎట్లా ఉన్నదో, నిలిచినప్పుడు ఎట్లా ఉన్నదో పోల్చి చూడవలె. రహదారిపై చల్లగా ఉండి, రైల్వే గేటు దగ్గర ఆగగానే వెచ్చబడితే, అనుమానించవలసినది కండెన్సరు ఫ్యానును. పరుగులో ఎదురుగాలి కండెన్సరును చల్లబరుస్తుంది. నిలిచినప్పుడు ఆ పని ఫ్యానుదే. కండెన్సరు రేకుల మధ్య బురద, పురుగులు చేరినా ఇదే ఫలితం. మెల్లని నీటిధారతో కడగవలె. జోరుగా కొట్టే నీరు ఆ మెత్తని రేకులను వంచివేస్తుంది. ఇంజను వేడిని సూచించే ముల్లు కూడా పైకి పోతూ ఉంటే మాత్రం ఏ.సి.ని వెంటనే ఆపి, ముందు ఇంజను సంగతి చూడవలె.

తరువాతి పరీక్ష కంప్రెసరుకు సంబంధించినది. అమెరికాలో 1940 నమూనా ప్యాకార్డ్ కార్లకు అమర్చిన శీతలయంత్రంలో కంప్రెసరును ఆపవలెనంటే, ఇంజను ఆపి, బెల్టును ఊడదీయవలసి వచ్చేది. తరువాతి కార్లలో ఆ పనిని విద్యుదయస్కాంత క్లచ్ నెరవేర్చుతున్నది. కారును ఆరుబయట నిలిపి, ఇంజను నడుస్తుండగా ఒకరు లోపల ఏ.సి. స్విచ్చి వేస్తే, బానెట్ వద్ద నిలబడినవారికి టక్కుమని చప్పుడు వినిపించి, కంప్రెసరు ముందరి పళ్ళెం తిరగటం కనిపిస్తుంది. తిరగకపోతే మొదట ఫ్యూజును, పిదప రిలేను చూడవలె. క్లచ్ లేని కంప్రెసర్లు కూడా ఉన్నవి. వాటికి ఈ పరీక్ష చెల్లదు. చేతులు, చీరకొంగులు బెల్టుకు దూరంగా ఉండవలె. మూసిన షెడ్డులో ఈ పరీక్ష చేయరాదు. ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడు ప్రాణాంతకం.

ఫ్యూజూ రిలే సరిగా ఉండి కూడా క్లచ్ పట్టకపోతే, వాయువు తగ్గి ఉండవచ్చు. పీడనం పడిపోయినప్పుడు కంప్రెసరును కాపాడటానికి ఒక స్విచ్చి దానిని నిలిపివేస్తుంది. ఇక్కడనే “గ్యాసు అయిపోయింది, నింపుదాం” అనే మాట మనకు వినబడుతుంది. వాయువు పెట్రోలు వలె ఖర్చయ్యేది కాదు. ఏళ్ళ తరబడి గొట్టాల గుండా స్వల్పంగా తరగటం సహజమే. కాని నింపిన ఏడాదికే తరిగిపోతే ఎక్కడో కారుతున్నట్లే. కంప్రెసరుకు కావలసిన నూనె ఈ వాయువుతో కలిసియే ప్రవహిస్తుంది. వాయువు కారిన చోట నూనె కూడా పోతుంది. గొట్టాల అతుకుల వద్ద జిడ్డుగా దుమ్ము పట్టి ఉండటం దానికి గుర్తు. రంధ్రం మూయకుండా వాయువు నింపుతూ పోతే, నూనె చాలక కంప్రెసరే అరిగిపోతుంది. అప్పుడయ్యే ఖర్చు ఒక గొట్టం మార్చే ఖర్చుకు ఎన్నో రెట్లు.

సరియైన మరమ్మతుకు ఒక క్రమం ఉన్నది. కారే చోటును రంగు ద్రవంతోనో పరికరంతోనో కనుగొనవలె, దానిని బాగుచేయవలె, పంపుతో లోపలి గాలిని, తేమను లాగివేయవలె, అటుపిమ్మట బానెట్ క్రింది చీటీలో చెప్పిన రకం వాయువును, చెప్పిన తూకానికే నింపవలె. ఎక్కువ నింపినా చల్లదనం తగ్గుతుంది.

గొట్టాలను ఇంట్లో విప్పే సాహసం ఎవరూ చేయరాదు. ఎండవేళ యంత్రం నడుస్తుండగా పీడనం వాతావరణ పీడనానికి పదిహేను రెట్లు దాటగలదు. చిమ్మిన ద్రవం చర్మాన్ని, కంటిని గడ్డకట్టించగలదు. విద్యుత్ కార్లలో కంప్రెసరుకు అధిక వోల్టేజి ఉంటుంది. వాయువును గాలిలోకి వదలటం లోకానికీ చేటే. ఓజోను పొరకు హాని చేసిన ఆర్-12 వాడుక 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం మూలంగా తొలగింది. దాని స్థానంలో వచ్చిన ఆర్-134ఏ ఓజోనుకు హాని చేయకపోయినా, భూమిని వేడెక్కించటంలో, బరువుకు బరువు, బొగ్గుపులుసు వాయువును వెయ్యి రెట్లకు మించుతుంది.

కాబట్టి ఈ వేసవిలో మెకానిక్కు గ్యాసు తరిగిందని చెప్పినప్పుడు, నింపటానికి ఎంత అవుతుందని కాక, ఎక్కడ కారుతున్నదని మొదట అడగండి. ఆ చోటు చూపిన తరువాతనే నింపించుకోండి.