యెహోషాపాతు బయలుదేరిన ఉదయం

ఉపదేశులు, బైబిలు స్త్రీల స్మారకోపన్యాసం, జగిత్యాల



ఈ ఉపన్యాసానికి ఏ ఒక్కరి పేరూ పెట్టకపోవడం నాకు నచ్చింది. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చి ముందు ఎవరు నిలబడినా దాన్ని కట్టించిన పాస్నెట్ దొరను తలుచుకుంటారు. తలుచుకోవలసిందే. కానీ చంకన సంచీతో, కాళ్లకు చెప్పులున్నా లేకున్నా, ఊరి బయట గూడేనికి నడిచివెళ్లి అక్షరాలూ వాక్యమూ నేర్పిన ఉపదేశుల పేర్లు ఏ రాయి మీదా లేవు. పొయ్యి దగ్గర కూర్చుని ఆడవాళ్లతో మాట్లాడిన బైబిలు స్త్రీల సంగతి అసలే లేదు. ఈ పూట వాళ్లది.

నాకిచ్చిన అంశం: పెను వ్యతిరేకత ఎదురైనప్పుడు దేవుని నమ్ముకోవడం. ఈ మాట వినగానే మన ప్రసంగీకులందరూ రెండవ దినవృత్తాంతములు ఇరవయ్యో అధ్యాయం తీస్తారు. నేనూ అదే తీస్తున్నాను. మోయాబీయులు, అమ్మోనీయులు దండెత్తి వచ్చారు. యూదా రాజు యెహోషాపాతు భయపడ్డాడు. భయపడ్డాడని గ్రంథమే దాచకుండా చెప్పింది. మన సాక్ష్యాల కూడికల్లో ఈ ముక్క ఎందుకో జారిపోతుంది. రాజు దేశమంతా ఉపవాసం చాటించాడు, జనం పెళ్లాం పిల్లలతో వచ్చి నిలబడ్డారు, ఏం చేయాలో తోచడం లేదని రాజు అందరి ఎదుటే ఒప్పుకున్నాడు. యుద్ధం మీది కాదని యహజీయేలు అనే లేవీయుడు చెప్పాడు. చాలామంది అక్కడితో ఆపి ఆమెన్ అంటారు. యహజీయేలు ఇంకో మాట కూడా చెప్పాడు. రేపు బయలుదేరి వాళ్లకు ఎదురుగా పొమ్మన్నాడు. ఏ దారిన వస్తారో, ఎక్కడ ఎదురవుతారో గుర్తులు సహా చెప్పాడు. వాళ్లు తెల్లవారుజామునే లేచి తెకోవ అరణ్యానికి నడిచారు. యుద్ధం తమది కాదని విన్నాక కూడా ఆ దారి నడవవలసింది వాళ్లే. నమ్మకమంటే నాకు తెలిసినది ఆ ఉదయపు నడకే. ఇంట్లో కూర్చుని దండు మాయమైందన్న కబురు కోసం చూడటం కాదు.

వ్యతిరేకత అంటే ఏమిటో ఈ గడ్డకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1978 సెప్టెంబర్ 7న రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్రకు వేలమంది తరలివచ్చిన సంగతి ఇక్కడి ముసలివాళ్లకు ఎరుకే. వెట్టి చేయం అన్నందుకు, గుంజుకున్న భూమి అడిగినందుకు ఊళ్లల్లో బహిష్కరణలు నడిచాయి. కూలీలు తిరగబడి దొరలకే చాకలి, మంగలి పనులు బంద్ పెట్టారు. ఆ ఏడాదే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. మన కరీంనగర్ డయోసిస్ పుట్టిందీ 1978లోనే. ఆ రెంటికీ ముడి పెట్టను. కానీ ఆ ఊళ్లల్లోనే మన సంఘాలూ ఉన్నాయి, ఆ కూలీల్లో మనవాళ్లూ ఉన్నారు.

విశ్వాసం కోసం బహిష్కరణ భరించినవాళ్ల కథ వివరంగా దొరికేది మాత్రం ఒంగోలు దిక్కున. 1866లో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, భార్యతో కలిసి బాప్తిస్మం పొందాడు. తోలు వ్యాపారం మీద ఊళ్లు తిరిగే మనిషి. ఆయన వెంట వచ్చినవాళ్లు మూడు కట్టుబాట్లు పెట్టుకున్నారు. ఆదివారం పని చేయరు, చచ్చిన పశువు మాంసం తినరు, విగ్రహాలకు మొక్కరు. పైకి చిన్న సంగతులే. ఊరి లెక్కలో చూడండి. జాతరకు డప్పు కొట్టేదెవరు? కోతల రోజుల్లో ఆదివారం పొలంలోకి దిగేదెవరు? ఊరు నడిచే తీరే అక్కడ తెగింది. అందుకే కరణాలు, మునసబులు కదిలారు. నీళ్లు బంద్, పని బంద్, పైగా దొంగ కేసులు. వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ప్రార్థన చేశారు, మిషనరీ క్లౌ దగ్గరికి వచ్చి మొర పెట్టుకున్నారు, క్లౌ అధికారుల దాకా పోయాడు. మోకాళ్ల మీద ఉండటానికీ అర్జీ రాయడానికీ వాళ్లకు తగవు కనిపించలేదు. మనలో కొందరికి మాత్రం పోలీసు స్టేషన్ మెట్లెక్కితే విశ్వాసం తగ్గినట్టు అనిపిస్తుంది. పౌలు రోమా పౌరసత్వం చూపించి కైసరుకు చెప్పుకుంటానన్నప్పుడు ఆయన విశ్వాసం ఏమైనా తగ్గిందా?

అక్కడే ఇంకొక్క సంగతి. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు పట్టి వేలమందికి కూలి చూపించాడు. కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. కూటి కోసం వచ్చారన్న మాట పడకూడదని. సాయం ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ అంకె అందరం చెప్పుకుంటాం. నాకు దాని కంటే ఆ ఆపడమే పెద్దదిగా కనిపిస్తుంది.

ఇప్పటి వ్యతిరేకత చాలావరకు కాగితం మీద ఉంది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డ్ కులం కిందికి రాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. మనవాళ్లకు బీసీ-సి కింద 1 శాతం. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊరు కూర్చోబెట్టే చోటు మారదు, మారేది సర్టిఫికెట్ ఒక్కటే. అందుకే సంఘం రిజిస్టర్లో ఒక పేరు, బడి రికార్డుల్లో ఇంకో పేరు. పిల్ల ఇంజనీరింగ్ సీటు కోసం అలా చేసిన తల్లిని వేదిక మీద నుంచి మందలించే హక్కు నాకు లేదు. అయితే ఆ భారమంతా ఆ ఒక్క తల్లి మీద పడేసి సంఘం తప్పుకుంటే, అది యెహోషాపాతు సంఘం కాదు. అక్కడ పసిపిల్లలతో సహా అందరూ నిలబడ్డారు.

కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు ఆడవాళ్ల ఉపవాస ప్రార్థనకు పోయి చూడండి. కొందరు ఇంటి దగ్గర బీడీల చాట దించి వచ్చినవాళ్లు, వేళ్లకు ఇంకా తంబాకు వాసన. తునికాకు నానబెట్టి వచ్చారు, పోయి కత్తిరించాలి, రేపటికి కట్టలు కార్ఖానాలో చూపించాలి. వాళ్లలో ఒక అక్క ఇంటాయన సౌదీలో. అక్కడ చర్చి కట్టే వీలే లేదు, గదిలో తలుపు వేసుకుని నలుగురు కూడుకోవాలి. దుబాయి పోయినవాళ్లు కొంత నయం. అక్కడ చర్చిలున్నాయి. 2022లో వారాంతపు సెలవు మారేదాకా వాళ్లకు పెద్ద ఆరాధన శుక్రవారమే. ఈ అక్క ప్రార్థన మనవి ఏమిటో వినండి. పాస్‌పోర్టు పనిలో పెట్టుకున్న కఫీల్ చేతిలో ఉంది, మిత్తి పెరుగుతోంది, మా ఆయన మనసు చెదరకుండా ప్రార్థన చేయండి. అప్పు పోవాలని తర్వాత అడుగుతుంది. సిరిసిల్లలో సాంచె (మరమగ్గం) ఆగినప్పుడు ఇళ్లల్లో ఏమైందో, ఎంతమంది నేతన్నలు ప్రాణం తీసుకున్నారో ఆ పట్నానికి తెలుసు. అలాంటి ఇంటికి వెళ్లి, విశ్వాసం చాలక ఇలా అయిందనే బోధకుడి కంటే మొదటి ఏడు రోజులు మౌనంగా కూర్చున్న యోబు స్నేహితులు మేలు.

ఒక మాట కాస్త గట్టిగానే చెబుతాను. వ్యతిరేకత అనగానే పక్కింటివాణ్ణి మోయాబీయుణ్ణి చేయకండి. ఇక్కడికి దగ్గరే, ఆర్మూర్ దాటి పోతే డిచ్‌పల్లి. 1915లో అక్కడ కుష్ఠురోగుల ఆసుపత్రి మొదలుపెట్టింది స్కాట్లండ్ డాక్టరమ్మ ఇసబెల్ కెర్. దానికి పెద్ద మొత్తం ఇచ్చింది నిజామాబాద్ నర్సాగౌడ్, హిందువు. దేవుని సాయం ఏ గుమ్మం నుంచి రావాలో మనం నిర్ణయించలేం.

కమిటీ పెద్దలకు ఒక మనవితో ముగిస్తాను. ఈ స్మారక నిధి వడ్డీతో ఏటా ఒక ఉపన్యాసం, ఒక పుస్తకం, మధ్యాహ్నం భోజనాలు జరుగుతున్నాయి. వచ్చే ఏడు పుస్తకం పలచగా వేయండి, భోజనం పప్పు, చారుతో కానివ్వండి. మిగిలిన డబ్బుతో గల్ఫ్ కాగితాలు చదివి చెప్పగల ఒక వకీలును నెలకు ఒక పూట ఈ చర్చి వరండాలో కూర్చోబెట్టండి. ఏ మతంవాళ్లు వచ్చినా చూడమనండి. నాకు ఇవ్వదలచుకున్న దారి ఖర్చులు కూడా అందులోనే వేయండి.