ఎసరుకు ముందు ఒక మాట
(మాదాపూర్‌లో గృహస్థుల నుద్దేశించి చేసిన ప్రసంగపాఠం)

 

హైటెక్ సిటీ, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల గృహస్థులే ఈ సభలో అధికంగా ఉన్నారు. మీలో అనేకులు అన్నదానానికి విరాళాలిచ్చినవారు. అన్నదాన మహిమను మీకు నేను వేరుగా చెప్పనక్కరలేదు. దానికి ముందుమెట్టు ఒకటున్నది. మన ఇంట అన్నం పారవేయకుండా చూచుకోవడమే అది.

తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి అన్న విషయంలో కొన్ని వ్రతాలు విధించినది. అన్నాన్ని నిందింపరాదు, తిరస్కరింపరాదు, సమృద్ధిగా సంపాదించాలని వాటి భావం. సమృద్ధి అంటే మిక్కిలిగా వండుట కాదు. వండి పారవేయడం కూడా తిరస్కారమే.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదికను చూడండి. 2022లో లోకమంతటా వ్యర్థమైన ఆహారం సుమారు 105 కోట్ల టన్నులు. అందులో నూటికి 60 పాళ్లు ఇళ్లలో వ్యర్థమైనదే. కనుక హోటళ్లను, పెళ్లి విందులను నిందించి మనం తప్పించుకోలేము.

మన ఇళ్లలో ఇందుకు కారణం దురాశ కాదు, ఒకరి సంగతి ఒకరికి తెలియకపోవడం. కుమారుడు ఆఫీసు క్యాంటీనులో భోంచేసి వస్తాడు. కోడలికి రాత్రి షిఫ్టు. మనుమడు ఫోనులో బిరియానీ తెప్పించుకొంటాడు. తల్లి మాత్రం నలుగురికీ వండి, మూతపెట్టి ఎదురు చూస్తుంది. మరునాడు ఆ అన్నం ఎవరు తింటున్నారు? చాలా ఇళ్లలో ఆ తల్లియే. వేడి అన్నం అందరికీ, నిన్నటిది ఆమెకు, ఆమె తినలేనిది చెత్తబుట్టకు. ఇది అన్నానికే కాదు, ఆ అన్నపూర్ణకు కూడా అవమానం.

నేను చదువుకొన్న సంస్కృత పాఠశాలలో వంటస్వామి ఎసరు పెట్టేముందు వచ్చి, “ఈ పూట ఎన్ని విస్తళ్లు?” అని అడిగేవారు. ఊరికి వెళ్లేవాడైనా, ఏకాదశి ఉపవాసమున్నవాడైనా అప్పుడే చెప్పాలి. చెప్పకుండా మానినవాడికే మరునాటి చద్దన్నం. ఆ నియమం మీ ఇంటికీ చాలు. సాయంత్రం 4 గంటలకు ప్రతి ఒక్కరూ “రాత్రి భోజనానికి వస్తాను” లేదా “రాను” అని వాట్సాప్‌లో ఒక్క మాట చెప్పండి. అయినా మిగిలితే అందరూ పంచుకొని తినండి.

మిగిలిన అన్నం చెడకముందే పులిహోర కావచ్చు, మజ్జిగ పోసిన చద్ది కావచ్చు. బీరకాయ పొట్టు పచ్చడికి పనికివస్తుంది. పనివారికి ఇచ్చేటట్లయితే, మనం తినదగినదే, ఆ పూటే ఇవ్వండి. పాచిపోయినది ఇచ్చి దానమనుకోవడం తగదు.

పూర్వం పెరటిలో కుడితితొట్టి ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, కూరల తొక్కలు పశువులకు చేరేవి. 20వ అంతస్తులో గోవు లేదు కనుక ఆ ధర్మాన్ని మరొక విధంగా పాటించాలి. తడిచెత్తకు ఆకుపచ్చ బుట్ట, పొడిచెత్తకు నీలి బుట్ట అని నగరపాలక సంస్థ 2015లోనే పంపిణీ ఆరంభించినది. 5,000 చదరపు మీటర్లు మించిన గేటెడ్ కమ్యూనిటీలు తడిచెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువుగానో బయోగ్యాస్‌గానో మార్చుకోవాలని 2016 నాటి ఘనవ్యర్థ నియమాలు చెప్పినవి. ఇది అసాధ్యమేమీ కాదు. మన బోయినపల్లి మార్కెట్‌లో కూరగాయల వ్యర్థాలనుండి విద్యుత్తు తీసినారు.

రెండూ కలిపి మూటగట్టి పడవేస్తే అది నగరం ఆ కొసన ఉన్న జవహర్‌నగర్ చేరుతుంది. అక్కడా పిల్లాపాపలతో కాపురముంటున్న గృహస్థులున్నారు. మనం వదలిన అన్నపు దుర్గంధం వారి భోజనవేళ వారి ఇళ్లలోకి వస్తుంది. పంచమహాయజ్ఞాలలో భూతయజ్ఞమని ఒకటున్నది. సమస్త ప్రాణులకూ గృహస్థుడు అన్నభాగమిచ్చుట. చీమకు, కాకికి అన్నం పెట్టవలసిన మనం తోటి గృహస్థునకు దుర్గంధం పంచవచ్చునా?

చివరగా దాతలకు ఒక మనవి. ఇట్లు కొలిచి వండుటవలన ఆదా అయిన బియ్యాన్ని పూటకు పిడికెడైనా ఒక డబ్బాలో వేయండి. నెలకొకమారు ఆ డబ్బాను అన్నదానశాలకు తెచ్చి సమర్పించండి. చెత్తబుట్ట పాలు కావలసిన అన్నం అప్పుడు ఒక యాత్రికుని ఆకలి తీరుస్తుంది.

స్వస్తి.