యుద్ధము నుండి తిరిగివచ్చినవారు
(పీర్జాదిగూడ సంఘములో చేసిన ప్రసంగ పాఠము)



కైసరయలోని శతాధిపతి కొర్నేలీని మనమందరము ఎరుగుదుము. పేతురు అతని ఇంటికి వెళ్లెను, ఇంటివారు బాప్తిస్మము పొందిరి. ఆ తరువాత అతడు పటాలములోనే ఉండెనా, ముసలితనములో ఎట్లు బ్రదికెనా అన్నది అపొస్తలుల కార్యములలో లేదు. మనమును సైనికుని కథను అచ్చటనే ఆపివేయుచున్నాము. రైలెక్కునప్పుడు ప్రార్థన చేయుదుము. తిరిగివచ్చిన పిమ్మట అడుగము.

రెండవ ప్రపంచ యుద్ధములో భారత సైన్యము 25 లక్షలకు పెరిగినది. 1945లో యుద్ధము ముగియగానే అందులో అధిక భాగమును ఇండ్లకు పంపివేసిరి. సిపాయికి పింఛను రావలెనంటే 15 ఏండ్ల సర్వీసు కావలెను. యుద్ధకాలమునకు మాత్రమే చేరినవారికి అది ఎక్కడిది? పశ్చిమ గోదావరిలోని మాధవరము నుండి మొదటి యుద్ధమునకు 90 మంది వెళ్లిరి. ఊరిలో వారి స్మారక స్తంభమున్నది. మంచిదే గాని, స్తంభము ఎవరికిని అన్నము పెట్టదు.

2022కు ముందు చేరిన జవాను పింఛనుతోనే వచ్చును. 2003లో ఆరంభమైన ఇ.సి.హెచ్.ఎస్. వలన వైద్యమున్నది, 2014 జూలై నుండి ఒకే ర్యాంకుకు ఒకే పింఛను వర్తించినది. అయినను నలుబది ఏండ్లకే ఇంటికి వచ్చువానికి పిల్లలింకను బడిలోనే ఉందురు. అందుచేత ఉప్పల్, నాచారం ఫ్యాక్టరీ గేట్ల వద్ద మరల యూనిఫాం తొడుగుకొనును. నిన్న సరిహద్దు కాచినవాడు నేడు లారీ నంబర్లు రిజిస్టరులో వ్రాసుకొనును. పని చిన్నదని కాదు, పన్నెండు గంటల డ్యూటీకి ఆదివారము ఉండదు. ఆరాధనకు రాలేదని మనము గొణుగుకొను సహోదరుడు ఆ గంటకు గేటు దగ్గర నిలుచుండును.

క్యాంటీన్ సీసా సంగతియు దాచనేల? నిద్రపట్టకనే త్రాగువారు కొందరున్నారు. గద్దించుటకు ముందు, ఆ నిద్ర ఎందుకు పట్టదో కూర్చుండి వినుట మేలని మా అభిప్రాయము.

అన్నిటికంటె కష్టము విధవరాండ్రది. డిశ్చార్జి పుస్తకములో భార్య పేరు ఒకటి, బాప్తిస్మపు పేరు మరియొకటి, ఆధార్ కార్డులో ఇంకొకటి. ఇరువురును ఒకరేనని రుజువు చూపువరకు ఫ్యామిలీ పింఛను ఆగిపోవును. ఇప్పుడు అంతయు స్పర్శ్ అను కంప్యూటరు పద్ధతిలోనికి మారినది. అక్షరము తేడా వచ్చినను కాగితము వెనుకకు వచ్చును. ఏటేటా జీవించియున్నట్లు ధ్రువీకరణ కూడ ఇయ్యవలెను. ముసలి తల్లికి అది సులభము కాదు, మన యువజనులు తోడు వెళ్లగలరు.

మన బాప్తిస్మపు, వివాహపు రిజిస్టర్లలో ఆ పేర్లున్నవి. నకలు అడుగ వచ్చిన తల్లిని మూడు మారులు త్రిప్పక, అదే దినమున వ్రాసి ముద్ర వేసి ఇప్పించవలెనని మేము పాస్టరేట్ కమిటీవారిని కోరుచున్నాము.